పందెపు ఎడ్లకు బాడుగ బండి

నేను కాపురానికి వచ్చిన మూడో ఏట మా ఇంట్లో పాడికి లోటు లేదు. రెండు గేదెలు ఈని ఉన్నాయి. అయినా మేం తాగే కాఫీ మాత్రం కుడితినీళ్ళలా ఉండేది. పాలు తాగేవాళ్ళు ఇంట్లో కాక గొడ్ల సావిడిలో ఉండేవాళ్ళు మరి. వాళ్ళు ఇద్దరు. తెల్లటి ఒంగోలు గిత్తలు. మూపురం మీద చెయ్యి వెయ్యాలంటే నేను మునివేళ్ళ మీద నిలబడాలి.

అంతకుముందు ఏడాది మిరపకు ఎన్నడూ లేనంత ధర పలికింది. మా ఊరు చిలకలూరిపేటకు పడమటగా, నల్లరేగడి నేలల్లో ఉండేది. మిరప, పత్తి తప్ప మరో మాట వినపడని ఊరు. మా ఆయన కాయలు గుంటూరు తీసుకెళ్ళారు. డబ్బుతో వస్తారని నేనూ మా అత్తగారూ అరుగు మీద కూర్చుని ఎదురు చూశాం. వారం రోజుల తరవాత ఆయన సింగరాయకొండ వైపు నుంచి, మెడలో పూలదండలున్న ఎడ్ల జతతో వచ్చారు. కాయల డబ్బు చాలలేదట. గుంటూరులో మా కాయలు అమ్మిపెట్టే కమీషను షావుకారు దగ్గర నోటు రాసి, తక్కువ పడ్డది తెచ్చారట. అప్పు దొరికిన సంగతి ఆయన ఎంత గర్వంగా చెప్పారంటే, ఆ అప్పేదో పరీక్ష రాసి సంపాదించినట్టుంది.

"పొలం దున్నడానికి మనకున్న ఎడ్లు చాలవా అబ్బాయ్?" అని అత్తగారు అడిగారు.

"దున్నడానికేంది అమ్మా! ఇయ్యి పందేనికి. బండ లాగుతయ్," అన్నారు మా ఆయన.

బండ లాగడమంటే తెలియనివాళ్ళ కోసం చెబుతాను. తిరునాళ్ళలో ఒక పెద్ద రాతిబండను ఎడ్లకు కట్టి, గీత గీసిన బాటలో ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ చివరి నుంచి ఈ చివరికి లాగిస్తారు. గడువులోగా ఎవరి జత ఎక్కువ దూరం లాగితే వారు గెలిచినట్టు. బండ మళ్ళీ మొదలుపెట్టిన చోటికే వస్తుంది. దాన్ని ఎందుకు లాగారో బండకూ తెలియదు, ఎడ్లకూ తెలియదు. ఎడ్ల యజమానికి మాత్రం పరువు వస్తుంది.

ఆ పరువు కోసం నేను రోజూ పత్తిగింజలు రుబ్బి పాలు తీసేదాన్ని. పొద్దున ఉలవలు ఉడికించేదాన్ని. మధ్యాహ్నం తవుడులో బెల్లం కలపాలి. సాయంత్రం వెదురు గొట్టంతో కోడిగుడ్లు గొంతులోకి పొయ్యాలి. పందేల నెల వస్తే నెయ్యి, బాదంపప్పు. బాదంపప్పును నేను నా పెళ్ళిలో కూడా చూడలేదు. మా ఆయన వాటికి నూనె రాసి, గంటలకొద్దీ మర్దన చేసేవారు. పుట్టింటికి వెళ్ళినప్పుడు, అల్లుడు బాగా చూసుకుంటున్నాడా అని మా అమ్మ అడిగేది. "బ్రహ్మాండంగా చూసుకుంటున్నారమ్మా, ఒళ్ళు కూడా పడతారు" అనేదాన్ని. ఎవరికని మా అమ్మ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఎడ్లను చూడటానికి జనం వచ్చేవాళ్ళు. అవి నీళ్ళు తాగుతుంటే నిలబడి మెచ్చుకునేవాళ్ళు. పేడ వేసినా మెచ్చుకునేవాళ్ళు. వాళ్ళందరికీ కాఫీలు, సిగరెట్లు, పొద్దుపోతే భోజనాలు. అందరిలోకీ ముఖ్యుడు మా ఆయనకు బావ వరసయ్యే పొరుగింటాయన. "ఇట్టాంటి జత జిల్లాలో లేదు బావా! ఇయ్యి ఎడ్లు కావు, దేవతలు" అంటూ మా ఇంట్లోనే రెండుపూటలా తినేవాడు. దేవతలను పొగిడిన నోటికి పెరుగన్నం పెట్టకపోతే బాగుండదు కదా.

దర్శి వైపు ఒక తిరునాళ్ళలో మా జతకు రెండో బహుమతి వచ్చింది. పెద్ద రాగి గంగాళం. దాన్ని బండి మీద పెట్టి, మేళంతో, తప్పెట్లతో ఊరేగించారు. ఆ రోజు మేళానికీ, భోజనాలకూ అయిన ఖర్చుతో అలాంటి గంగాళాలు నాలుగు కొనవచ్చని నేనన్నాను. "కొన్న గంగాళం, గెలిచిన గంగాళం ఒకటేనా?" అని మా ఆయన నన్ను జాలిగా చూశారు. నిజమే. కొన్నదైతే అప్పు లేకుండా వచ్చేది.

ఎడ్లు ఒక్కటే మమ్మల్ని ముంచలేదులెండి. ఎడ్లకు తగ్గట్టు యజమాని ఉండాలి. పంచెలు పేటలో లాండ్రీకి వెళ్ళేవి. తారురోడ్డు పక్కన కాఫీ హోటల్లో ఖాతా ఉండేది. గుంటూరులో పనుందని నెలకు రెండుసార్లు వెళ్ళేవారు. ఆ పని సినిమా హాల్లోనూ భోజన హోటల్లోనూ జరిగేది. నేనేమన్నా తక్కువ తిన్నానా? చీరాల నుంచి మూట మోసుకొచ్చే నేతాయన దగ్గర వాయిదాల మీద చీరలు తీసుకునేదాన్ని. ఒకదాని బాకీ తీరకముందే ఇంకోదాని అంచు నచ్చేది. అత్తగారికి నస్యం, పురాణం చెప్పేవాళ్ళకు బట్టలు పెట్టడం. మొత్తానికి ఇంట్లో అందరం చేతనైన సాయం చేశాం.

ఆ తరవాతి ఏడు కాయలు కల్లంలో ఆరబోసి ఉండగా వాన పట్టుకుంది. మూడు రోజులు వదల్లేదు. ఎర్రగా నిగనిగలాడాల్సిన కాయ తెల్లబోయి తాలైంది. వాన వెలిశాక మా మొహాలు కూడా ఆ రంగులోనే ఉన్నాయి. వచ్చిన డబ్బు కూలీలకూ ఎరువులకూ సరిపోయింది. అప్పుడు గుంటూరు నుంచి షావుకారుగారు మా ఇంటికి వచ్చారు.

ఆయనంత మర్యాదస్తుణ్ణి నేను మళ్ళీ చూడలేదు. గట్టిగా ఒక్క మాట అనలేదు. అరుగు మీద కూర్చుని, నేనిచ్చిన కాఫీ తాగి, "అమ్మాయిగారి చేతి కాఫీ అమృతమండీ" అన్నారు. ఆ నీళ్ళ కాఫీని మెచ్చుకున్న మనిషి దేనికైనా తెగిస్తాడని నాకు అప్పుడే అర్థమైంది.

"తొందరేం లేదండీ," అన్నారు ఆయన మా ఆయనతో. "మనలో మనకి తొందరేంటి? మొదటి నోటు, తరవాత దాణాకని తీసుకున్నదీ, వడ్డీ, అంతా కలిపి నాలుగు వేలు దాటింది. వస్తూ వస్తూ ఊరి పక్క మీ మూడెకరాలు చూసొచ్చాను. చక్కటి రేగడండీ. ఉగాది వెళ్ళాక తీరుబడిగా కాయితం రాసుకుందాం. తొందరేం లేదు."

మా ఆయన పై పంచె కొస మెలిపెడుతూ కూర్చున్నారు. అలవాటు లేకపోయినా నేను తలుపు చాటు నుంచి మాట్లాడాను. "మూడేళ్ళు గడువివ్వండి. వచ్చే ఏడాది నుంచి ఏటా ఉగాదికి మూడోవంతు, దాని వడ్డీ కడతాం. ఒక్కసారి తప్పితే మీరన్న కాయితం రాస్తాం."

"ఎట్టా కడతారమ్మా?"

ఎలా కడతామో నాకూ తెలియదు. "కడతామండీ" అన్నాను. ఆయన నవ్వి, సరేనన్నారు. మూడెకరాలు ఎక్కడికీ పారిపోవని ఆయనకు తెలుసు.

ఎడ్లను అమ్మెయ్యమన్నారు అత్తగారు. మా ఆయన రెండు రోజులు మొహం మాడ్చుకుని, చివరికి ఒప్పుకున్నారు. ముందుగా పొరుగింటి బావకే చెప్పారు. జిల్లాలో లేని జత గదా, కళ్ళకద్దుకుని తీసుకుంటాడనుకున్నాం. ఆయన గడ్డం నిమురుకుని, "దేవతల్ని మేపే తాహతు నాకేడిది బావా? అయినా అంత తిండి ఎవడు పెడతాడు?" అన్నాడు. ఆ రోజు మా ఇంట్లో భోజనం చేసే ఈ మాట అన్నాడు. ఇంకా నలుగురైదుగురు వచ్చారు. ఏడాదిపాటు మా సిగరెట్లు కాల్చి ఎడ్లను పొగిడినవాళ్ళే, ఆ రోజు వాటి కాళ్ళలో వంకరలు, కొమ్ముల్లో లోపాలు కనిపెట్టారు. మామూలు దుక్కిటెడ్ల ధరలో సగం చెప్పారు. "ఆ డబ్బు వాటి మెడలో గంటలకు చాలదు" అని మా ఆయన వాళ్ళను పొమ్మన్నారు. తరవాత సావిడిలోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

అప్పుడు నేను ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు.

"ఉత్తపుణ్యానికి బండలు లాగుతున్నయ్ గదా, బాడుగకు బస్తాలు లాగలేవా?" అన్నాను.

మా ఊరి దారుల్లోకి లారీ దిగితే రేగట్లో దిగబడి వారంపాటు అక్కడే ఉండేది. అందుకని కల్లాల దగ్గరి నుంచి తారురోడ్డు దాకా మిరప బస్తాలు, పత్తి బోరేలు బండ్ల మీదే తోలాలి. సీజన్లో బండ్లు దొరక్క రైతులు ఒకరి ఇంటికి ఒకరు తిరిగేవాళ్ళు. ఇదంతా మా ఆయనకు నాకన్నా బాగా తెలుసు. అయినా ఎగిరిపడ్డారు.

"ఏందే! నా గిత్తల్ని బాడుగ బండికి కడతావా? రేపు నన్ను గూడా కాడికి కడతావు నువ్వు!"

"మీరంత బరువు లాగలేరులెండి."

ఆయన అన్నం మానేశారు. రెండు రోజులు పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు, ఇంట్లో. అత్తగారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నాకూ భయం వేసింది కానీ, నిరాహారదీక్షలో ఉన్న మనిషి పొద్దునా సాయంత్రం తారురోడ్డు వైపు చురుగ్గా నడిచి వెళ్ళడం చూసి కొంచెం ధైర్యం తెచ్చుకున్నాను. మూడో రోజు కాఫీ హోటలాయన కబురు పంపాడు. ఇక ఖాతాలో ఇడ్లీలు పెట్టడం కుదరదట, పాత బాకీ తేల్చమన్నాడు. ఆ మధ్యాహ్నం మా ఆయన ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, "ఏం కూర?" అన్నారు. ఒప్పుకున్నట్టు నేనర్థం చేసుకున్నాను.

మామగారి కాలం నాటి బండి పాకలో ఉంది. ఇరుసు బాగానే ఉంది కానీ చక్రాల ఇనప పట్టాలు అరిగి ఊడిపోయాయి. కొత్త పట్టాలు వెయ్యాలంటే చేతిలో పైసా లేదు. రాగి గంగాళాన్ని పేటలో కంచరి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన దాన్ని తిరగేసి, తట్టి, తూకం వేసి ధర కట్టాడు. గెలిచిన గంగాళానికీ కొన్న గంగాళానికీ ఆయన తేడా చూపించలేదు. ఆ డబ్బుతో రెండు చక్రాలకూ పట్టాలు పడ్డాయి. పందెంలో గెలుచుకున్న వస్తువు మాకు పనికొచ్చింది ఆ ఒక్కసారే.

మొదటి బాడుగ ఊరికి ఆ చివర ఉన్న కల్లం నుంచి. రోడ్డు అక్కడికి నాలుగు మైళ్ళు. మా ఆయన లాండ్రీ పంచె కట్టుకుని నొగల మీద కూర్చున్నారు. చూడటానికి సగం ఊరు వచ్చింది. బస్తాలు ఎత్తారు. ఎడ్లు మెడలు వంచి ఒక్క ఊపు ఊపాయి. ఆ బరువు వాటికి లెక్కే లేదు. దర్జాగా కదిలాయి. ఎంత దూరం? పందెపు బాట ఎంత పొడుగుంటుందో అంత దూరం. అక్కడ ఆగి, ఎవరూ చెప్పకుండానే వెనక్కి తిరిగి, బండిని మళ్ళీ కల్లానికి తెచ్చాయి. జనం ఈలలు వేశారు. మా ఆయన దిగి, బుజ్జగించి, మళ్ళీ తోలారు. మళ్ళీ అంతే దూరం, మళ్ళీ వెనక్కి. 

"ఇంకో రెండు తిప్పులు తిప్పు బావా! ఈసారి మొదటి బహుమతి మనదే!" అని పొరుగింటి బావ అరిచాడు.

మా ఆయన మొహం చూడలేకపోయాను. ఇంటికి పరిగెత్తి బుట్టలో ఉలవలు పోసుకొచ్చి, ఎడ్ల మూతికి అందీ అందనట్టు పట్టుకుని ముందు నడిచాను. అవి నా వెనక వచ్చాయి. అలా ఊరి మధ్యలోంచి, అరుగుల మీద కూర్చున్న పెద్దలందరి ముందు నుంచి, నేను ముందు, ఎడ్లు వెనక, వాటి వెనక తల దించుకున్న మా ఆయన. నాలుగు మైళ్ళు. రోడ్డు చేరేసరికి మా పరువు గురించి ఎవరూ ఆలోచించాల్సిన అవసరం లేకుండా పోయింది. నిజం చెప్పొద్దూ, అది పోయాక చాలా హాయిగా ఉంది. దానికి దాణా ఖర్చు కూడా మిగిలింది.

పది రోజులకు ఎడ్లు తిన్నగా నడవడం నేర్చుకున్నాయి. వాటి మేత కూడా మారింది. చొప్ప, తవుడు, పూటకొక తవ్వెడు ఉలవలు. మొదటి వారం అవి ఖాళీ తొట్టినీ నన్నూ మార్చి మార్చి చూసేవి. మా ఆయన కూడా ఖాళీ సిగరెట్టు డబ్బానూ నన్నూ అలాగే చూసేవారు.

బాడుగ పని ఆయనకు సులువుగా వచ్చిందని అనను. చెప్పులు అరిగిపోయి, వాటి బదులు కాళ్ళకు బొబ్బలు వచ్చాయి. మిరప ఘాటుకు తుమ్మి తుమ్మి కళ్ళు వాచిపోయేవి. ఒకరోజు ఎడమ గిత్తకు కాడి ఒరుసుకుని మెడ మీద పుండయింది. దానికి పసుపూ నూనే రాస్తూ చిన్నపిల్లాడిలా ఏడ్చారు. మర్నాడు తన పట్టు కండువాను మడతలు పెట్టి కాడి కింద మెత్తగా కట్టారు. నేను అడ్డు చెప్పలేదు. ఆ సాయంత్రం వేణ్ణీళ్ళలో ఉప్పు వేసి ఆయన కాళ్ళు పెట్టించాను. "అలవాటైపోద్దిలే" అన్నారు. ఆ మాట నాతో అన్నారో తనతో అనుకున్నారో తెలియదు.

ఇంట్లో మేమూ ఊరికే కూర్చోలేదు. పేటలో ఒక వ్యాపారి మిరపకాయలు ఇళ్ళకు పంపి, తొడిమలు తీయించి, బుట్టకింతని ఇచ్చేవాడు. నేను మూడు బుట్టలు తెప్పించాను. అత్తగారు చూసి గుండెలు బాదుకున్నారు.

"మా ఇంటా వంటా కూలి చేసినోళ్ళు లేరే అమ్మాయ్! నలుగురూ ఏమనుకుంటారు?"

"తలుపేసుకుందాం అత్తయ్యా."

తలుపు వేశాం. ఆమె గోడ వైపు తిరిగి కూర్చుని, మిరపకాయలను తిడుతూ ఒక బుట్ట తీశారు. చేతులు భగ్గుమంటే మజ్జిగలో ముంచుకున్నారు. కాసేపటికి, "బుట్టకెంతిత్తాడంట?" అన్నారు. చెప్పాను. ఆమె ఆలోచించి, "రెండో బుట్ట కూడా ఇటియ్యి" అన్నారు. నెల తిరిగేసరికి తలుపులు తీసే ఉండేవి. వీధిలో పోయే ఆడవాళ్ళను పిలిచి, కాయ ఎలా పట్టుకోవాలో ఆమే నేర్పేవారు. నస్యం మాత్రం మానలేదు. మిరప ఘాటుకు అదే విరుగుడని వాదించేవారు.

మొదటి ఉగాదికి మూడోవంతు కట్టాం. షావుకారుగారు ఆశ్చర్యపోయి, ఆ ఆశ్చర్యాన్ని మర్యాదగా దాచుకున్నారు.

ఇక్కడి నుంచి నా అసలు కష్టాలు మొదలయ్యాయి. ఖర్చుపెట్టే మొగుడితో కాపురం చేయడం నాకు వచ్చు. పొదుపు చేసే మొగుడితో ఎలా చేయాలో ఎవరూ నేర్పలేదు. తన రెక్కల కష్టం మీద డబ్బు సంపాదించాక ఆయనకు ప్రతి వస్తువూ బస్తాల్లో కనిపించడం మొదలైంది. "ఈ కొబ్బరినూనె ఎంతో తెలుసా? పన్నెండు బస్తాలు ఎత్తి దించాలి." "ఆ అగ్గిపుల్ల ఎందుకు గీశావ్? పక్కింట్లో పొయ్యి వెలుగుతానే ఉంది గదా, నిప్పు తెచ్చుకోరాదూ?" నలుగురికి నలభై కాఫీలు పోయించిన మనిషి, కాఫీగింజలు నాలుగు తక్కువ వేయమని నా వెనక నిలబడి చూసేవారు. హోటలు బాకీ తీర్చి వచ్చిన రోజు నుంచి, చద్దన్నం మూట కట్టుకుని హోటలు ఎదురుగా కూర్చుని తినేవారు. లోపలికి వెళ్ళేవాళ్ళకు ఎంత తగలబెడుతున్నారో ఉచితంగా బోధించేవారట. హోటలాయన మళ్ళీ కబురు పంపాడు. ఈసారి, మీ ఆయన ఖాతా పెట్టుకున్నా ఫరవాలేదు, వాకిట్లో మాత్రం కూర్చోవద్దని చెప్పమ్మా అని.

చీరాల నేతాయన వచ్చినప్పుడు నేను మూట విప్పవద్దని చెప్పాను. పాత బాకీ తొడిమల డబ్బుతో కొంచెం కొంచెంగా తీర్చాను. ఆఖరి వాయిదా ఇచ్చిన రోజు ఆయన, "విప్పకుండా పోతే మూటకు కూడా బెంగగా ఉందమ్మా, చూడటానికి డబ్బెందుకు?" అన్నాడు. చూశాను. నెమలికంఠం రంగు, సన్నంచు. మడత పెట్టి ఇచ్చేశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే అందరూ నవ్వుతారు కాబట్టి, బాగా పట్టిందనే చెబుతాను.

రెండో ఏడు తిరునాళ్ళ రోజులు వచ్చాయి. ఒకరోజు మా ఆయన, రెండు రోజుల బాడుగ దొరికిందని చెప్పి ఎడ్లను తోలుకుని వెళ్ళారు. బండి మాత్రం పాకలోనే ఉంది. బండి లేకుండా బాడుగ ఎలా తోలతారో అత్తగారికీ నాకూ అంతుపట్టలేదు. పొరుగింటి బావ కూడా ఊళ్ళో లేడని తెలిశాక అంతుపట్టింది. 

మర్నాడు సాయంత్రం తిరిగొచ్చారు. ఎడ్లను కట్టేసి అన్నానికి కూర్చున్నారు. నేను వడ్డించాను. పులుసు కలుపుకుంటూ ఆయనే అన్నారు.

"బహుమతి నాలుగొందలన్నారు. వస్తే ఈ ఉగాదికి వెతుక్కోనక్కరలేదనుకున్నా."

"వచ్చిందా?"

"రుసుం ఇరవై రూపాయలు కట్టా."

"వచ్చిందా అంటున్నా."

"బండ బాగానే లాగినయ్. ఎవరి ఎడ్లూ అంత జోరుగా పోలా. అటు కొసకు పొయినయ్..." ఆయన ఆగారు. "తిరగలా."

"తిరక్కపోతే?"

"తిన్నగా పొయినయ్! అడ్డం కట్టిన తాడు తెంపుకుని, జనం మధ్యలోంచి, మిఠాయి కొట్టు పక్కనుంచి... బండతో సహా! నేను ఎంత పట్టినా ఆగవే! రోడ్డెక్కిందాకా ఆగలా. రోడ్డు మీద నిలబడి, ఇంక బస్తాలు దించుకోమన్నట్టు నా మొహం చూసినయ్."

ఇరవై రూపాయలు పోయినందుకు ఆ పూట గట్టిగా తిడదామని మాటలన్నీ కూడబెట్టుకుని ఉన్నాను. పులుసు గరిటె చేతిలో ఉండగానే నవ్వొచ్చింది. అత్తగారు వెనక గదిలోంచి నవ్వుతూనే వచ్చారు. ఆయన కాసేపు కోపంగా చూసి, తరవాత తనూ నవ్వి, పొలమారి, నెత్తి మీద కొట్టించుకున్నారు. తిట్లు మర్నాడు తిట్టాను, ఒక్కటీ వదలకుండా. ఆ ఇరవై కోసం ఆయన పత్తి మిల్లు దాకా రెండు అదనపు తోలకాలు తోలారు. పొరుగింటి బావ మాత్రం ఆ ఎడ్లు చెడిపోయాయని ఊరంతా చెప్పాడు.

మూడో ఉగాదికి ముందు కాయ ధర బాగుంది. మా సొంత పంటా, బాడుగా, తొడిమలూ కలిపి ఆఖరి వాయిదా కూడింది. ఆ రోజు మా ఆయన నన్ను కూడా గుంటూరు రమ్మన్నారు. బస్సు ఛార్జీ ఇద్దరికి ఎన్ని బస్తాలో ఆయన చెప్పకపోవడం చూసి ఆయనకు ఒంట్లో బాగాలేదేమోనని నాకు అనుమానం వచ్చింది.

కమీషను కొట్టు నిండా కాయల ఘాటు. షావుకారుగారు డబ్బు లెక్కపెట్టుకుని, మేం రాసిచ్చిన నోటు తెచ్చి మా చేతికిచ్చారు. మా ఆయన దాన్ని నాలుగు ముక్కలు చేసి, ఆ ముక్కలను ఏం చెయ్యాలో తెలియక, జేబులో పెట్టుకున్నారు. షావుకారుగారు కాఫీ తెప్పించారు. ఊరికే వచ్చింది కాబట్టి మా ఆయన రెండు గ్లాసులు తాగారు.

"మీలాంటి మనిషిని నేను చూడలేదండీ," అన్నారు షావుకారుగారు. "ఇట్టా తీర్చేవాళ్ళకే మళ్ళీ ఇవ్వబుద్ధేస్తది. ఐదు వేలు గానీ, ఆరు గానీ, ఎప్పుడు కావాలన్నా కబురంపండి. తొందరగా తీర్చక్కర్లేదు."

మా ఆయన నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. ఇద్దరం నమస్కారం పెట్టి, మెట్లు దిగి, వీధి మలుపు తిరిగేదాకా ఆగలేదు.

అక్కడ బట్టల కొట్టు ముందు ఆయన నిలబడ్డారు. "ఒక చీర తీసుకో," అన్నారు. మూడేళ్ళలో ఆయన నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదలు. లోపలికి వెళ్ళాం. నేను మంగళగిరి చీర ఒకటి తీశాను. ఆయన ధర అడిగి, మొహం నల్లబడినా, జేబులో చెయ్యి పెట్టారు. కొట్టాయన మమ్మల్ని మంచి రైతులని గుర్తుపట్టి ఇంకో రెండు చీరలు పరిచాడు. "మూడూ తీసుకెళ్ళండమ్మా. డబ్బుదేముంది, కాయలమ్మాక పంపిద్దురు. పేరు రాసుకుంటాను, అంతే" అన్నాడు.

ఆ మాట వినగానే ఇద్దరం ఒక్కసారి లేచాం. చీర ఎక్కడ పెట్టానో కూడా గుర్తులేదు. "అమ్మా! బాబుగారూ! మీరు తీసినదొక్కటన్నా తీసుకెళ్ళండి!" అని కొట్టాయన అరుస్తూనే ఉన్నాడు. మేం బస్సు స్టాండు దాకా వెనక్కి చూడలేదు.

మూడెకరాలు మాకు మిగిలాయి. గిత్తలు ఇంకో నాలుగేళ్ళు బండి లాగాయి. ఒకటి ముసలితనంతో సావిడిలోనే పోయింది. రెండోదాన్ని అమ్మడానికి మా ఆయన ఒప్పుకోలేదు. పని చెయ్యని దానికి తిండి దండగని అందరికీ బోధించే మనిషి, దానికి మాత్రం దొంగతనంగా బెల్లం పెట్టేవారు. నేను చూడనట్టు ఊరుకునేదాన్ని. చీర మరుసటి ఏడు రొక్కమిచ్చి కొన్నాను, చీరాల నేతాయన దగ్గరే. బేరం ఆడింది మా ఆయన. ధర తగ్గించడంలో ఎంత మునిగిపోయారంటే రంగు సంగతి చూడలేదు. తెలకపిండి రంగు. మా ఊళ్ళో ఎవరికీ అలాంటి చీర లేదు. నేను దాన్ని పదేళ్ళు కట్టాను.